టెక్ రంగంలో ఏ దారి పట్టాలో తేలనప్పుడు: ఆరు వారాల్లో తేల్చుకునే పద్ధతి

"పైథాన్ నేర్చుకోమంటారా, జావా నేర్చుకోమంటారా, లేక క్లౌడ్ వైపు వెళ్లమంటారా?" అన్న ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది. కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి, చౌడవరం వైపు కాలేజీల్లో చివరి సంవత్సరం చదువుతున్నవారూ, డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా ఇంట్లోనే ఉన్నవారూ, హైదరాబాద్‌లో ఏదో ఒక ప్రాజెక్టులో కుదురుకుని రెండు మూడేళ్లు గడిచినా ఇది తమ పని అనిపించనివారూ దాదాపు ఇవే మాటలతో అడుగుతారు. జవాబుగా ఒక కోర్సు పేరు చెప్పి పంపడం తేలిక. అమీర్‌పేటలో ఆ జవాబు చెప్పే బోర్డులకు కొదవ లేదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి వేరు. ఏ ఉద్యోగంలోనైనా చెప్పుకోవడానికి బాగుండే పని కొంత, రోజూ తప్పక చేయవలసిన విసుగు పని అంతకు మించి ఉంటాయి. ఆ విసుగు పనిని కొన్ని గంటలు స్వయంగా చేసి, దేనిని ఓర్చుకోగలరో చూసుకుని, ఆ వైపు అడుగు వేయండి.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. పాతదైనా ఫర్వాలేదు, విండోస్ మొరాయిస్తుంటే ఉబుంటు వంటి లినక్స్ వేసుకోండి.
- ఆరు వారాల పాటు వారానికి 10 గంటలు. ఉద్యోగంలో ఉన్నవారు శని, ఆదివారాల్లో సర్దుకోవచ్చు.
- ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో రాసుకుంటే ఆ రాత మళ్లీ చదవబడదు.
- మీ ఇంటి నెలసరి ఖర్చు, అప్పుల లెక్క.
- మీకంటే రెండు నుంచి ఐదేళ్లు ముందు ఉద్యోగంలో చేరిన ముగ్గురు మనుషులు.

డబ్బు కట్టే కోర్సు ఏదీ ఈ దశలో అవసరం లేదు. ఎన్‌పీటెల్, స్వయం వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా చూడవచ్చు. ధ్రువపత్రం కావాలనుకున్నప్పుడే పరీక్ష రుసుము కట్టాలి.

1. మీ సందేహం ఏ రకమైనదో రాయండి

"ఏమీ అర్థం కావడం లేదు" అన్న మాట కింద సాధారణంగా నాలుగు వేర్వేరు ఇబ్బందులు దాగి ఉంటాయి. ఏ ఏ ఉద్యోగాలున్నాయో తెలియకపోవడం ఒకటి. తెలిసినా, అవి తనవల్ల కావేమోనన్న భయం రెండవది. చేస్తున్న ఉద్యోగం నచ్చకపోవడం మూడవది. ఇంట్లోవారు ఒకటి చెబుతుంటే మనసు మరొకటి చెప్పడం నాలుగవది. నోటు పుస్తకం మొదటి పేజీలో వీటిలో మీది ఏదో ఒక వాక్యంలో రాయండి. రెండు కలిసి ఉంటే రెండూ రాయండి.

మూడవ రకం వారు ఇక్కడ కాస్త ఆగాలి. నచ్చనిది పనా, మేనేజరా, రాత్రి షిఫ్టా, ఊరికి దూరంగా గదిలో ఒంటరిగా ఉండటమా అన్నది విడదీసి చూసుకోకుండా సాంకేతికత మార్చుకున్నవారు, కొత్త చోట అదే రాత్రి షిఫ్టులో మళ్లీ అదే నిస్పృహతో కూర్చోవడం మామూలే. మేనేజరో షిఫ్టో కారణమైతే మీకు ఈ ఆరు వారాల పరీక్ష అక్కరలేదు. అదే కంపెనీలో మరో ప్రాజెక్టుకు మారే అవకాశం అడగండి, లేదా అదే పనికి మరో కంపెనీ చూసుకోండి. నాలుగవ రకం వారికి వాదన కంటే చూపించడానికి ఒక పని చేతిలో ఉండటం ఎక్కువ ఉపయోగపడుతుంది. అది నాలుగవ మెట్టులో తయారవుతుంది.

2. హద్దులు గీసుకోండి

జీతం లేకుండా ఎన్ని నెలలు గడపగలరో, ఊరు విడిచి వెళ్లగలరో లేదో, రోజుకు ఎంత సమయం మీ చేతుల్లో ఉందో రాయండి. విద్యారుణం ఉంటే మంజూరు పత్రం తీసి, వాయిదాలు ఏ నెల నుంచి మొదలవుతాయో చూడండి. వాయిదా మొదలు కాకపోయినా వడ్డీ లెక్క సాగుతూనే ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. రెండు నెలల్లో డబ్బు అవసరమైతే, దొరికిన మొదటి గౌరవప్రదమైన ఉద్యోగంలో చేరి, ఈ పరీక్షను వారాంతాల్లో చేయండి. దిశ తేలేవరకు ఉద్యోగం వద్దనుకోవడం, ఇంట్లో ఆధారం ఉన్నవారికి మాత్రమే సాధ్యమయ్యే విలాసం.

ఊరి విషయం కూడా నిక్కచ్చిగా ఉండాలి. గన్నవరం దగ్గరి మేధా టవర్స్‌లోనూ మంగళగిరిలోనూ ఐటీ కంపెనీలు ఉన్నప్పటికీ, హైదరాబాద్, బెంగళూరులతో పోలిస్తే ఇక్కడ ఖాళీలూ, పనుల రకాలూ తక్కువ. అమ్మానాన్నల ఆరోగ్యం వంటి కారణంతో ఇక్కడే ఉండవలసినవారు, ఇంటి నుంచి చేయగల పనులకు మొదటి చోటు ఇవ్వాలి.

బ్యాంకు పరీక్షలకో, గ్రూప్స్‌కో చదువుతూనే పక్కన కోడింగ్ కూడా సాగిద్దామనుకునేవారు, ఈ ఆరు వారాలకు మాత్రం రెండింటిలో ఒకదాన్ని పక్కన పెట్టండి.

3. మూడు పనులు ఎంచుకోండి, నాలుగవది వద్దు

పేర్లను బట్టి ఎంచుకోవద్దు. ఆ పని చేసే మనిషి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఏం చేస్తూ ఉంటాడో ఊహించి ఎంచుకోండి.

బ్యాకెండ్ (యాప్ వెనక సర్వర్ మీద నడిచే భాగం) పనిలో కొత్త కోడ్ రాయడం కంటే ఇతరులు రాసిన కోడ్ చదవడం, ప్రోగ్రాం తాను చేసినవి నమోదు చేసే లాగ్ ఫైళ్లలో దోషం ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం ఎక్కువ. ఫ్రంటెండ్‌లో, అంటే వాడేవారికి తెర మీద కనిపించే భాగంలో, ఒకే బటన్ పది రకాల ఫోన్లలో పది విధాలుగా కనిపిస్తుంటే ఒక్కోదాన్ని సరిచేసే ఓపిక కావాలి. డేటా విశ్లేషణలో రంగురంగుల పటాలు (చార్టులు) చివరి మెట్టు మాత్రమే. ఒకే ఊరి పేరును ఒకరు "గుంటూరు" అనీ, మరొకరు చివర ఖాళీ వదిలి "గుంటూరు " అనీ, ఇంకొకరు "గుంటూర్" అనీ రాస్తే కంప్యూటర్ దృష్టిలో అవి మూడు ఊళ్లు, వాటిని ఒకటి చేసే పనే రోజులో పెద్ద భాగం. మెషీన్ లెర్నింగ్ (డేటా చూపి కంప్యూటర్‌కు నేర్పించే పని) కోరుకునేవారికీ ఇదే శుభ్రం చేసే పని తప్పదు. దానిపైన సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా మీద పట్టు కూడా ఉండాలి. ఇంటర్‌లో మ్యాట్రిక్స్ అధ్యాయం చూసి పారిపోయినవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

డెవాప్స్ (ప్రోగ్రాంలను సర్వర్ల మీద పెట్టి నడిపించడం), క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్లు) పనుల్లో సర్వర్లు నడుస్తున్నంతకాలం మిమ్మల్ని ఎవరూ తలుచుకోరు. ఆగిపోయిన రోజున రాత్రి రెండు గంటలకైనా ఫోన్ మోగుతుంది. టెస్టింగ్‌ను చిన్నచూపు చూసే అలవాటు మన కాలేజీల్లో ఉంది. నిజానికి, తాను చూసిన దోషాన్ని మరొకరు తమ కంప్యూటర్ మీద మళ్లీ చూడగలిగేంత స్పష్టంగా రాయగలవారు ఏ బృందంలోనైనా అరుదు. సైబర్ సెక్యూరిటీలో హ్యాకింగ్ కంటే లాగ్‌లు చదవడం, నివేదికలు రాయడం ఎక్కువ.

బీకాం, ఎంబీఏ చదివినవారు కోడింగ్ ఒక్కటే ద్వారమనుకుని వెనకాడుతుంటారు. ఎస్ఏపీ వంటి వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను కంపెనీల అవసరానికి తగినట్లు అమర్చే ఫంక్షనల్ ఉద్యోగాల్లో, 2017 జూలై 1న అమల్లోకి వచ్చిన జీఎస్టీ లెక్కలు, ఇన్‌వాయిస్‌లు, సరుకుల వర్గీకరణకు వాడే హెచ్ఎస్ఎన్ కోడ్‌లు తెలిసిన మనిషికి విలువ ఉంటుంది. గవర్నరుపేటలో ఒక ఆడిటర్ దగ్గర రెండేళ్లు ట్యాలీ చేసిన అనుభవం ఇక్కడ వృథా కాదు.

హెచ్చరిక: మూడూ ఒకే కుటుంబానికి చెందినవి కాకూడదు. రియాక్ట్, ఆంగ్యులర్, వ్యూ అని రాసుకుంటే మీరు ఎంచుకున్నది ఒక్కటే పని (ఫ్రంటెండ్), మూడు పనిముట్లు.

4. ఒక్కో పనికి రెండు వారాలు

ఒక్కో పనిలో వీడియోలు చూడటానికి రెండు వారాంతాల్లో కలిపి ఐదు గంటలు మించకూడదు. మిగిలినదంతా చేతితో చేయాలి. పని చిన్నదైనా మీ ఊరిదై ఉండాలి, ఎందుకంటే ఫలితం తప్పైతే మీకే అనుమానం రావాలి. కొన్ని నమూనాలు:

డేటా వైపు: ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో గుంటూరు మార్కెట్ మిరప ధరలు దొరుకుతాయి, క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు విడివిడిగా ఇస్తారు. ఒక ఏడాది ధరలు దించుకుని, నెలవారీ మార్పు చూపండి. అసలు పరీక్ష మధ్యలో ఎదురవుతుంది. వారాంతాల్లో, వేసవి సెలవుల్లో యార్డు మూసి ఉంటుంది. ఆ రోజుల ధర సున్నా అని వేస్తే సగటు పడిపోతుంది. ఆ రోజులను వదిలేస్తే పటంలో ఖాళీలు వస్తాయి. ముందు రోజు ధరతో నింపితే లేని అమ్మకం ఉన్నట్లు చెప్పినవారవుతారు. తేజ రకాన్నీ 334 రకాన్నీ కలిపి సగటు తీయవచ్చా అన్నది మరో చిక్కు. ఈ ప్రశ్నల దగ్గర గంటసేపు కూర్చుని, భోజనానికి పిలిచినా లేవబుద్ధి కాకపోతే ఆ సంగతి పుస్తకంలో రాసుకోండి. "దీని వల్ల ఎవరికేం లాభం" అని చిరాకు కలిగితే అది కూడా రాసుకోండి.

బ్యాకెండ్ వైపు: ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే దుకాణానికి సరుకు లెక్క చూసే చిన్న ప్రోగ్రాం రాయండి. డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ చాలు. ఒకే భాగాన్ని ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి అమ్మితే నిల్వ సరిగా తగ్గుతోందా, అరువు ఇచ్చిన సరుకు ఎలా నమోదు కావాలి అన్నవి తేల్చండి. వీలైతే నిజంగా ఒక దుకాణానికి వెళ్లి పది నిమిషాలు చూసి రండి. మీరు ఊహించని అలవాటు కనీసం ఒకటి కనిపిస్తుంది.

క్లౌడ్ వైపు: ఒక చిన్న వెబ్‌సైట్‌ను లినక్స్ మీద నడపండి. తర్వాత కావాలని దాన్ని చెడగొట్టండి: డిస్కు నింపేయండి, కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక అక్షరం మార్చండి, డేటాబేస్ తుడిచేసి బ్యాకప్ నుంచి తిరిగి తెప్పించండి. ఉచిత క్లౌడ్ ఖాతా వాడితే మొదటి రోజే బిల్లు హెచ్చరిక పెట్టుకోండి. ఆపడం మరిచిన సర్వర్ మీ కార్డు మీద డబ్బు లాగుతూనే ఉంటుంది. భయమైతే క్లౌడ్ మానేసి, మీ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) మీద చేయండి. నేర్చుకునేది దాదాపు అంతే.

టెస్టింగ్ వైపు: మీరు రోజూ వాడే ఒక టికెట్ల యాప్‌ను మామూలు వినియోగదారుగానే వాడుతూ ఐదు లోపాల నివేదికలు రాయండి. ఒక్కోదానిలో ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది అన్న మూడు ముక్కలు ఉండాలి.

సెక్యూరిటీ వైపు: ఓవాస్ప్ సంస్థ అభ్యాసం కోసమే లోపాలతో తయారు చేసిన జ్యూస్ షాప్ అనే అప్లికేషన్‌ను మీ కంప్యూటర్‌లో పెట్టుకుని సాధన చేయండి. మీ కాలేజీ వెబ్‌సైట్ మీదో, ఊళ్లోని ఆసుపత్రి సైట్ మీదో ప్రయోగాలు చేయకండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడటం సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుంది. "నేర్చుకోవడానికే చేశాను" అన్న మాట అప్పుడు అక్కరకు రాదు.

ఏఐ సహాయకుల గురించి ఒక నియమం పెట్టుకోండి. పనికి కూర్చున్న ప్రతిసారీ మొదటి గంట వాటిని తెరవవద్దు. ఉద్యోగంలో వాటిని వాడతారు, వాడాలి కూడా. అయితే ఈ ఆరు వారాల్లో పరీక్షకు నిలబడింది ప్రోగ్రాం కాదు, మీరు. చిక్కుముడి పడినప్పుడు మీకు కలిగేది ఆసక్తా, అలసటా అన్నది తేలకముందే జవాబు తెర మీదికి వచ్చేస్తే పరీక్ష జరగనట్లే.

కూర్చున్న ప్రతిసారీ చివర నాలుగు వాక్యాలు రాయండి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఎంతసేపు ఆగాను, రేపు ఎవరూ అడగకపోయినా దీని దగ్గరికి వస్తానా. "బాగుందా" అని రాయకండి. మొదటి మూడు రోజులు అన్నీ బాగానే ఉంటాయి.

5. మనుషులతో మాట్లాడండి

రెండవ వారం తర్వాతే మాట్లాడండి, అప్పటికి అడగడానికి సరుకు ఉంటుంది. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరుల నుంచి సగం ఊరు తిరిగి వస్తుంది కాబట్టి అది మంచి అదును. అయితే బంధువులందరి మధ్య అరుగు మీద అడిగితే జీతాల లెక్కలు తప్ప మరేమీ వినపడవు. విడిగా, ముందుగా సందేశం పంపి అడగండి. ఈ మాదిరిగా రాయవచ్చు:

"నమస్తే అన్నా. నేను గుంటూరులో బీటెక్ పూర్తి చేశాను. రెండు వారాలుగా యార్డు మిరప ధరల డేటాతో ఒక చిన్న పని చేస్తున్నాను. మీరు డేటా ఇంజినీరింగ్‌లో ఉన్నారని మీ తమ్ముడు చెప్పాడు. ఉద్యోగం అడగడానికి కాదండీ, మీ రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. ఆదివారం ఒక 15 నిమిషాలు వీలవుతుందా?"

"నన్ను ఏ కోర్సు చేయమంటారు" అని అడగవద్దు; అవతలి వ్యక్తి తాను చేసినదే చెబుతారు. నిన్న ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏం చేశారు, గత నెలలో విసుగెత్తించిన పని ఏది, మీ బృందంలోకి కొత్తగా వచ్చినవారు ఎక్కడ తడబడతారు అని అడగండి. కోర్సులు అమ్మేవారి అభిప్రాయాన్ని ఈ ముగ్గురిలో చేర్చకండి.

6. ప్రకటనలు లెక్కపెట్టండి

మూడు పనులకూ పదేసి చొప్పున, మీ అనుభవానికి తగిన 30 ఉద్యోగ ప్రకటనలు సేకరించి, పదే పదే వచ్చే నైపుణ్యాలకు గీతలు పెట్టండి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష), గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) వంటివి అన్ని వరుసల్లోనూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఏ దారైనా అవి అవసరమే కనుక నేర్చుకోవడం వెంటనే మొదలుపెట్టవచ్చు. ఒక పనికి కొత్తవారిని తీసుకునే పది ప్రకటనలు ఎంత వెతికినా దొరకకపోతే, అది మంచి పనే అయినా మొదటి మెట్టుగా పనికిరాదని అర్థం. సెక్యూరిటీలో, మెషీన్ లెర్నింగ్‌లో కొందరికి ఇలాగే ఎదురవుతుంది. అప్పుడు పక్క గుమ్మం చూడాలి: నెట్‌వర్క్ సపోర్టు నుంచి సెక్యూరిటీకి, డేటా విశ్లేషణ నుంచి మెషీన్ లెర్నింగ్‌కు.

7. ఆరు నెలలకు ఒకటి ఖాయం చేయండి

నోటు పుస్తకం మొదటి నుంచి చదివి, "రేపు వస్తాను" అని ఎక్కువసార్లు రాసిన పనిని, ప్రకటనల లెక్కతోనూ రెండవ మెట్టులోని హద్దులతోనూ సరిచూసి, ఎంచుకోండి. దాని పక్కన సమీక్ష తేదీ వేయండి. ఆ తేదీ వరకు, కొత్త సాంకేతికత గురించి ఎవరేం చెప్పినా, ఒక పేజీలో రాసి పెట్టుకోవడం తప్ప దారి మార్చకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కోర్సు వెంట కోర్సు చేయడం. ధ్రువపత్రాలు పెరుగుతున్నా ఒక్క ప్రోగ్రాం కూడా తనంతట తాను మొదటి నుంచి రాయనివారు, ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే ఆగిపోతారు. కష్టమైన అధ్యాయం రాగానే దారి మార్చడం దీనికి కవల సోదరుడు. ప్రతి దారిలోనూ మూడవ వారం దగ్గర అలాంటి గోడ ఒకటి ఉంటుంది.

డబ్బు కట్టి ఉద్యోగం కొనడం, లేని అనుభవాన్ని చూపే పత్రాలు కొనడం పొరపాట్లు కావు, ప్రమాదాలు. పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) ఖాతాలోని ఉద్యోగ చరిత్ర, ఆదాయపు పన్ను రికార్డులోని టీడీఎస్ (జీతంలో ముందే కోసిన పన్ను) వివరాలు అడిగే కంపెనీలున్నాయి. చూపిన కంపెనీ పేరు అక్కడ లేకపోతే, చేరి కొన్ని నెలలైనా తీసివేస్తారు. "అందరూ ఇలాగే పెట్టుకుంటారు" అని చెప్పే మధ్యవర్తి ఆ రోజు ఫోన్ ఎత్తడు. అలాగే, అసలు సర్టిఫికెట్లు ఏ కంపెనీకీ అప్పగించకండి. చూపించి, నకళ్లు ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. బాండు ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవండి.

ఫలితం సరైనదో కాదో చూసుకోవడం

ఎంచుకున్న దారిలో ఒక నెల గడిచాక నాలుగు పరీక్షలు పెట్టుకోండి. మీ ప్రాజెక్టును తెర చూపకుండా, సాంకేతిక పదాలు లేకుండా, ఐదు నిమిషాల్లో నాన్నగారికి వివరించండి. ఆయన ఒక ప్రశ్న అడిగితే అర్థమైనట్లు, తలూపి ఊరుకుంటే కానట్లు. ప్రాజెక్టులో ముఖ్యమైన ఒక భాగాన్ని పాత కోడ్ చూడకుండా ఖాళీ ఫైలులో మళ్లీ రాయండి. కోడ్‌ను గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టి, మీ సూచనల ఫైలు ఒక్కటే ఆధారంగా ఒక స్నేహితుడిని తన కంప్యూటర్‌లో నడపమనండి. అతను మధ్యలో మీకు ఫోన్ చేయవలసి వస్తే, లోపం మీ సూచనల్లో ఉంది. చివరిగా, ఎంచుకున్న పనికి ఐదు దరఖాస్తులు పంపి చూడండి. పిలుపులు అసలు రాకపోతే రెజ్యూమెను, పిలుపు వచ్చి ఇంటర్వ్యూలో ఆగిపోతుంటే సన్నద్ధతను సరిచేయాలి; ఈ రెండు సందర్భాల్లోనూ దారి మార్చవలసిన పని లేదు.

సమీక్ష తేదీ నాటికి పుస్తకంలో "రేపు రాను" అన్న మాటలే వరుసగా కనిపిస్తుంటే మాత్రం మూడవ మెట్టుకు తిరిగి వెళ్లండి. ఈసారి కొత్తగా ఒక్క పనినే, మొదటి మూడింటికి దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుని రెండు వారాలు చేయండి: కోడింగ్ చేసినవారు టెక్నికల్ రైటింగ్‌నో, వ్యాపార సాఫ్ట్‌వేర్‌నో చూడవచ్చు. మునుపటి నెలల్లో పట్టుబడిన ఎస్‌క్యూఎల్, గిట్, లినక్స్ మీతోనే ఉంటాయి కనుక, ఈసారి పాఠాలకు ఐదు గంటలు కూడా పట్టవు.